స్టీరింగుకి సెగ, చేతులకి చోటు

నర్సీపట్నం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. పోయిన ఎపిసోడ్‌లో ఘాట్ దిగేటప్పుడు ఊరికే బ్రేకు మీద కాలేసుకుని కూర్చోకూడదు, గేరులో దిగాలి అని చెప్పుకున్నాం కదా. ఇవాళ కాళ్ల సంగతి వదిలేసి చేతుల సంగతి మాట్లాడుకుందాం. స్టీరింగ్ మీద చేతులు ఎక్కడుండాలి? "ఇదేం ప్రశ్న, ఎక్కడో ఒకచోట ఉంటాయి" అనుకుంటారు మీరు. నేనూ ముప్పై ఏళ్లు అలాగే అనుకున్నాను. అందుకే ఈ ఎపిసోడ్‌లో మీకు పాఠం చెప్పడం సగం, నా తప్పు ఒప్పుకోవడం సగం.

ఈ మాట ఎందుకొచ్చిందంటే, మొన్న మే నెలలో మా డ్రైవింగ్ స్కూల్ కుర్రాడొకడు మధ్యాహ్నం రెండింటికి, ఎండలో నిలబెట్టిన కారెక్కాడు. స్టీరింగ్ పట్టుకున్నాడో లేదో "అమ్మో" అని చెయ్యి లాక్కున్నాడు. అరచెయ్యి ఊదుకుంటూ అడిగాడు. "మాస్టారూ, ఫారిన్‌లో డబ్బులిచ్చి మరీ స్టీరింగ్ వేడెక్కే కార్లు కొంటారంట. ఆళ్లకేటి పిచ్చా? మనకి సూర్యుడు ఉత్తినే ఇస్తున్నాడు కదా!"

నవ్వేశాను. కానీ వాడి ప్రశ్న మంచిదే. ముందు మన ఎండ సంగతి చూద్దాం. అమెరికాలో అరిజోనా అని ఎడారి రాష్ట్రం ఉంది. అక్కడి యూనివర్సిటీ వాళ్లు, కాలిఫోర్నియా వాళ్లతో కలిసి కార్లని ఎండలో ఒకటి, నీడలో ఒకటి పెట్టి లెక్క తీశారు. 2018లో ఆ వివరాలు బయటికొచ్చాయి. ఎండాకాలం గంటసేపు ఎండలో ఉన్న కారులో స్టీరింగ్ సగటున 53 డిగ్రీలకి చేరింది. డాష్‌బోర్డు అయితే 69. నీడలో పెట్టిన కారులో కూడా స్టీరింగ్ 42 దాకా వెళ్లింది. మన నర్సీపట్నంలో రోహిణీ కార్తెలో ఆరుబయట కారు పెట్టినవాళ్లకి ఈ లెక్కలు ఎవరూ చెప్పక్కర్లేదు, అరచేతులే చెప్తాయి.

ఇప్పుడు అసలు వేడెక్కే స్టీరింగ్ సంగతి. అది పిచ్చి కాదండీ, చలిదేశాల్లో అవసరం. స్టీరింగ్ చక్రానికి తోలు తొడుగుతారు కదా, ఆ తోలు కింద సన్నటి తీగలున్న పలచటి చాప లాంటిది పరుస్తారు. స్విచ్ నొక్కితే బ్యాటరీ నుంచి కరెంటు అందులోకి వెళ్తుంది. స్టీరింగ్ తిరుగుతూ ఉంటుంది కదా, వైరు మెలిపడి తెగిపోదా అంటారేమో. స్టీరింగ్ వెనకాల గడియారం స్ప్రింగులా చుట్టలు చుట్టిన రిబ్బన్ వైరు ఒకటి ఉంటుంది. అటు తిప్పితే బిగుస్తుంది, ఇటు తిప్పితే వదులవుతుంది. హారనుకి, ఎయిర్‌బ్యాగుకి కరెంటు వెళ్లేదీ దాని మీదుగానే. ఇక వేడి మరీ పెరక్కుండా కాపలాకి ఒక సెన్సర్ ఉంటుంది. చేతికి గోరువెచ్చగా తగిలే దగ్గర ఆపేస్తుంది.

కారులో హీటర్ ఉంటుంది కదా, మళ్లీ ఇదెందుకు? ఎందుకంటే మామూలు హీటర్‌కి వేడి ఇంజన్ నుంచే రావాలి. ఇంజన్ కాగి, నీళ్లు కాగి, ఆ వేడి గాలి లోపలికొచ్చేసరికి చాలాసేపు పడుతుంది. స్టీరింగ్ అయితే రెండు మూడు నిమిషాల్లో వెచ్చబడుతుంది. ఎలక్ట్రిక్ కార్లొచ్చాక దీనికి ఇంకా గిరాకీ పెరిగింది. అందులో ఇంజన్ లేదు, ఊరికే వచ్చే వేడీ లేదు. కారంతా వెచ్చబెట్టాలంటే కిలోవాట్ల లెక్కన బ్యాటరీ తాగేస్తుంది. చేతులకీ సీటుకీ సెగ పెడితే వాట్లలో సరిపోతుంది. ఇల్లంతా కాచే బదులు కుంపటి దగ్గర కూర్చోడం అన్నమాట.

"మాస్టారూ, మనకి అవసరం లేదు కదా, మనకెందుకీ గొడవ" అంటారు. ఆగండాగండి. మనూరు నుంచి డౌనూరు మీదుగా ఘాటెక్కితే గంటలో లంబసింగి. సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయటుండిపోతే పొద్దున్నకి కొర్రు, అంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు. డిసెంబరు, జనవరి నెలల్లో చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు చెప్పే అంకెలు ఒక్కోసారి అయిదు డిగ్రీల లోపుకి దిగిపోతాయి. కింద నర్సీపట్నంలో పల్చటి చొక్కాతో బయల్దేరినవాడు పైకెళ్లేసరికి పళ్లు కొరుకుతుంటాడు. ఇప్పుడు ఆ మంచు చూడ్డానికే చెరువులవేనం కొండకి జనం విశాఖపట్నం నుంచి అర్ధరాత్రి బయల్దేరి వస్తున్నారు. తెల్లారగట్ల, మంచులో, నిద్రకళ్లతో, చేతులు కొంకర్లు పోతుండగా ఘాట్ ఎక్కుతున్నారు. కాబట్టి చల్లబడ్డ స్టీరింగ్ మన సమస్యేనండీ.

ఇక నా కథ. నేను కుర్రతనంలో కమాండర్ జీపు నడిపేవాణ్ణి. ఏజెన్సీ సర్వీసు. ఆ రోజుల్లో పైకి జీపులే దిక్కు. పది మంది పట్టే బండిలో ఎంతమందిని ఎక్కించేవాళ్లమో ఇప్పుడు చెప్తే మీరు నన్ను తిడతారు, అది వదిలేయండి. ఒక డిసెంబరు తెల్లవారుజామున చింతపల్లిలో బయల్దేరాను. నా పక్క తలుపుకి పరదా చిరిగిపోయి ఉంది. గాలి సూటిగా చేతుల మీదికి కొడుతోంది. వేళ్లు నావి కావనిపిస్తోంది. ఏం చేశాను? దుప్పటి కప్పుకుని, ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని, కుడి చెయ్యి దుప్పటి లోపల్నుంచే పెట్టి స్టీరింగ్ అడుగుభాగాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాను. గొప్పగా నడుపుతున్నాననే అనుకుంటున్నాను.

లంబసింగి దాటి దిగుతుంటే ముందు చక్రం ఒక రాయెక్కింది. పవర్ స్టీరింగ్ లేని బండి. రాయి చక్రాన్ని తంతే, చక్రం స్టీరింగుని తన్నింది. అంతే, స్టీరింగ్ గిర్రున తిరిగి నా వేళ్లలోంచి లాక్కుపోయింది. మళ్లీ పట్టుకుందామంటే వేళ్లు మూసుకోవే! పిడికిలి బిగవదు. బండి వెళ్లి కొండ పక్క కాలవలో ఒరిగి ఆగింది. కొండ పక్క కాబట్టి ఆగింది. రెండో పక్కన ఏముందో ఆ దారి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. అందరూ దిగి బండిని ఎత్తి రోడ్డు మీద పెట్టారు. ఒక ముసలమ్మ మాత్రం ఎక్కకుండా నిలబడింది. చితుకులేరి మంటేసి, "బాబూ, ముందు చేతులు కాచుకో. ఆనక ఎక్కుతాం" అంది. తిట్టలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. ఇప్పుడు కోట్ల రూపాయల కార్ల కంపెనీలు చేసింది కూడా ఆ ముసలమ్మ చెప్పిన పనే కదా. ముందు చేతులు కాచుకో.

తరవాత తెలిసిందేంటంటే, మన చేతి చర్మం చల్లబడి 15 డిగ్రీల దగ్గరికి దిగేసరికి వేళ్ల పనితనం తగ్గిపోతుంది. ఇంకా దిగితే స్పర్శే తెలీదు. అంటే మీరు పట్టుకున్నాననుకుంటారు, చెయ్యి పట్టుకుని ఉండదు. మందు తాగినవాడికి తాను తాగానని తెలీనట్టే.

సరే, చెయ్యి వెచ్చగానే ఉందనుకుందాం. ఎక్కడ పెట్టాలి? స్టీరింగుని గడియారం అనుకోండి. పైన 12, కింద 6, కుడిపక్క 3, ఎడమపక్క 9. మాకు మా గురువులు నేర్పింది 10, 2. ఎందుకంటే అప్పటి స్టీరింగులు పెద్దవి, బరువైనవి. బలంగా లాగాలంటే చేతులు పైన ఉండాలి. ఇప్పుడు పవర్ స్టీరింగ్ వచ్చి చిటికెన వేలితో తిరుగుతోంది. ఆ అవసరం పోయింది. ఇంకో పెద్ద మార్పు, స్టీరింగ్ మధ్యలోకి ఎయిర్‌బ్యాగ్ వచ్చింది. మన దేశంలో 2019 జూలై నుంచి కొత్త కార్లకి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. కాబట్టి మీ కారులోనూ ఉండే ఉంటుంది.

ఎయిర్‌బ్యాగ్ అంటే బెలూన్ ఊదినట్టు మెల్లగా రాదండీ. గుద్దుకున్నప్పుడు సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా విచ్చుకుంటుంది. రెప్ప వేసి తీసే లోపే పనైపోతుంది. హారన్ నొక్కే ఆ మూత చీల్చుకుని బయటికొస్తుంది. ఆ క్షణంలో మీ చెయ్యి దానికడ్డంగా ఉందనుకోండి, ఆ చేతినే మీ ముఖం మీదికి విసురుతుంది. చేతికి వాచీ ఉంటే వాచీతో సహా. మణికట్టు విరగొచ్చు, ముక్కు పగలొచ్చు. కాపాడ్డానికి వచ్చినదాన్ని మనమే ఆయుధంగా మార్చుకున్నట్టు. అందుకే అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వాళ్లు కూడా చేతుల్ని 9, 3 దగ్గర పెట్టమంటున్నారు. అప్పుడు బ్యాగ్ మధ్యలోంచి వచ్చినా చేతులు పక్కలకి తప్పుకుంటాయి. ఛాతీకీ స్టీరింగ్ మధ్యకీ కనీసం 25 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే ఎక్కువే ఎడం ఉండాలి.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మా అమ్మాయికి కారు నేనే నేర్పాను. నేర్పడమంటే స్కూల్లో పిల్లలకి చెప్పినట్టు పుస్తకం ప్రకారం చెప్పాను. కానీ చిన్నప్పట్నుంచీ నా పక్క సీట్లో కూర్చుని తను చూసిందేమిటి? నాన్న ఒక్క చెయ్యి 12 దగ్గర వేలాడేసి, రెండో చెయ్యి గేరు మీద పెట్టుకుని నడపడం. పిల్లలు మన మాట వినరండీ, మన చేతుల్ని చూస్తారు. తనకీ అదే అలవాటైంది. అబీద్ సెంటర్ రద్దీలో కూడా ఒంటి చేత్తో తిప్పేస్తుంటే నేను చూసి మురిసిపోయాను. "నా కూతురు" అని గొప్పలు పోయాను కూడా.

తనకి పెళ్లై కెనడా వెళ్లింది. కాల్గరీలో ఉంటున్నారు. చలికాలం మైనస్ ఇరవైకి పడిపోయే ఊరు. అక్కడ ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంది. వేడెక్కే స్టీరింగ్ ఉంది దానికి. ఒకరోజు వీడియో కాల్ చేసి, "నాన్నా, ఈ స్టీరింగ్ పాడైపోయినట్టుంది. పక్కలు రెండూ వెచ్చగా ఉన్నాయి, పైనా కిందా ఐసు గడ్డలా ఉంది" అంది. నేను నాకు తెలిసిన మెకానిక్ తెలివంతా చూపించాను. తీగ తెగిపోయుంటుంది, చూపించుకోమ్మా అన్నాను. తను షెడ్డుకి తీసుకెళ్తే వాళ్లు చూసి, "పాడవలేదు, దీని తయారీయే అంత. చేతులు పెట్టాల్సిన చోటే వేడి పెట్టారు" అన్నారట.

నిజమేనండీ. చక్రమంతా వేడెక్కే కార్లూ ఉన్నాయి గానీ, చాలా మోడళ్లలో రెండు పక్కలే వేడెక్కుతాయి. పైనా కిందా చెక్క ముక్కో, మెరిసే ప్లాస్టిక్కో అతికించిన చోట ఆ చాప ఎలాగూ పట్టదు. ఏ కారణమైనా ఫలితం ఒకటే. 12 దగ్గర చెయ్యేస్తే చలి కొరుకుతుంది. 9, 3 దగ్గర పెడితే హాయిగా ఉంటుంది. "ఈ కారు నన్ను తిట్టకుండానే తిడుతోంది నాన్నా" అని నవ్వింది. ఆ చలికాలం అయ్యేసరికి తన చేతులు వాటంతటవే పక్కలకి దిగిపోయాయి.

తరవాతి ఏడాది ఒక పొద్దున్న రోడ్డు మీద గడ్డకట్టిన మంచు మీద కారు జారింది. బ్రేకు వేసినా ఆగలేదు, వెళ్లి స్తంభాన్ని గుద్దింది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంది. తనకి ఛాతీ మీద బెల్టు ఒరుసుకున్న గీత, రెండు ముంజేతుల లోపలి పక్క ఎర్రగా కమిలిన చర్మం, అంతే. ముఖం మీద చిన్న గీత కూడా లేదు. వీడియోలో చేతులు రెండూ ఎత్తి చూపించింది. "చేతులెక్కడ పెట్టావమ్మా అప్పుడు?" అని అడిగాను. "వెచ్చగా ఉన్న చోట" అంది.

ఫోను పెట్టేశాక చాలాసేపు మా ఇంటి అరుగు మీద కూర్చుండిపోయాను. పాత అలవాటు ప్రకారం ఒక చెయ్యి పైన అడ్డంగా ఉండుంటే ఏమయ్యేదో నేను ఖాయంగా చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ ఒకటి మాత్రం ఖాయం. ఆ రోజు దాన్ని కాపాడినవాటిలో నేను నేర్పిన పద్ధతి లేదు. నేను అంటగట్టిన అలవాటుని ఓ వెచ్చటి తోలు ముక్క మాన్పించింది. అందుకే ఇప్పుడు మా స్కూల్లో మొదటి రోజు క్లచ్చు గురించి చెప్పను. చేతులు చూపిస్తాను. నా చేతులు కూడా సరిచేసుకున్నాను. యాభై దాటాక అలవాటు మార్చుకోవడం కష్టమేగానీ, అసాధ్యం కాదు.

ఇక మనకి పనికొచ్చే మాటలు చెప్పుకుందాం. మన కార్లలో స్టీరింగ్ కుడిపక్క కదా, గేరు ఎడమ చెయ్యి మారుస్తుంది. కాబట్టి గేరు మార్చే ప్రతిసారీ బండి మొత్తం మీ కుడి చేతి మీదే ఉంటుంది. ఆ కుడి చెయ్యి 3 దగ్గరే ఉండాలి, కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని కాదు. ఎడమ చెయ్యి గేరు మార్చిన వెంటనే తన ఇంటికి, అంటే 9 దగ్గరికి తిరిగొచ్చెయ్యాలి. గేరు రాడ్డు మీద కాపురం పెట్టకూడదు.

మలుపుల్లో తోసి లాగే పద్ధతి అలవాటు చేసుకోండి. కుడికి తిప్పాలంటే ఎడమ చెయ్యి కింది నుంచి పైకి తోస్తుంది. అంతలో కుడి చెయ్యి జారుతూ పైకెళ్లి అక్కడ అందుకుని కిందికి లాగుతుంది. ఒక చెయ్యి రెండో చేతిని దాటదు, ఎయిర్‌బ్యాగ్ మూత మీదికి రాదు. ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఎక్కువ తిప్పాలి, అక్కడ చెయ్యి మీద చెయ్యి వేసినా వేగం తక్కువ కాబట్టి పరవాలేదు. మలుపు అయిపోగానే మళ్లీ 9, 3.

స్టీరింగుకి బిగించే గుండ్రటి పిడి ఒకటి అమ్ముతారు, ఒంటి చేత్తో గిర్రున తిప్పడానికి. దయచేసి పీకేయండి. గుద్దుకున్నప్పుడు అది మీ ఛాతీ ఎదురుగా ఉంటుంది. హారన్ మూత మీద రాళ్లు పొదిగిన స్టిక్కర్లు, లోహపు బొమ్మలు అతికించకండి. దేవుడు డాష్‌బోర్డు దగ్గరున్నా, గుండెల్లో ఉన్నా చాలు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద ఉంటే మాత్రం ఆయనే మన ముఖం మీదికి దూసుకొస్తాడు. వదులుగా జారే స్టీరింగ్ కవరు కూడా వద్దు. చెయ్యి పట్టుకుంటుంది, కవరు తిరుగుతుంది, చక్రం తిరగదు.

లంబసింగి వెళ్లేవాళ్లకి. మీ కారులో వేడెక్కే స్టీరింగ్ ఉండదు, పరవాలేదు. డౌనూరు దాటే ముందే హీటర్ వేసి అద్దాలెత్తేయండి. పట్టు ఉన్న గ్లౌజులు వేసుకోండి, నున్నటి ఉన్నివి జారిపోతాయి. ఒక పరీక్ష చెప్తాను. బొటనవేలితో చిటికెన వేలిని తాకండి. తేలిగ్గా తాకలేకపోతే మీ చేతులు నడపడానికి సిద్ధంగా లేవు. చోటు చూసి బండి పక్కకి తియ్యండి. దారిలో టీ కొట్లున్నాయి, చలిమంటలున్నాయి. వేడి గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడండి. సూర్యోదయం ఇవాళ కాకపోతే రేపూ ఉంటుంది.

ఎండాకాలానికి ఒక చిట్కా. కారు ఎండలో పెట్టాల్సొస్తే ఆపే ముందు, ఇంకా కదులుతుండగానే, స్టీరింగుని అరచుట్టు తిప్పి ఆపండి. పైభాగం కిందికి పోతుంది, ఎండ దెబ్బ కింది భాగానికి తగులుతుంది. మళ్లీ వచ్చి సరిచేసుకుంటే కాస్త చల్లటి భాగం పైకొస్తుంది. అయినా మొత్తం చల్లబడదు కాబట్టి ఒక తెల్ల తువ్వాలు కప్పి వెళ్లండి. మే నెలలో కాలిన స్టీరింగుని రెండు వేళ్లతో పట్టుకున్నా, డిసెంబరులో గడ్డకట్టిందాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నా ప్రమాదం ఒకటే. చెయ్యి పూర్తిగా పట్టుకోగలిగినప్పుడే బండి కదలాలి.

ఆఖరిగా ఒక్క మాట. రేపు మీరు బండెక్కినప్పుడు పక్క సీట్లోనో వెనకాలో మీ పిల్లలుంటారు. వాళ్లు కిటికీలోంచి చెట్లు చూస్తున్నారనుకుంటాం. మీ చేతుల్ని కూడా చూస్తున్నారండీ. నా కూతురికి నా చేతులు నేర్పిన తప్పుని ఒక కారు దిద్దింది. అందరికీ అలాంటి కారు దొరకదు కదా. కాబట్టి మనమే దిద్దుకుందాం.

వచ్చే ఎపిసోడ్‌లో మంచులో ఏ లైట్లు వెయ్యాలి, హై బీమ్ ఎందుకు వెయ్యకూడదు అనేది చెప్పుకుందాం. అప్పటిదాకా చేతులు 9, 3 దగ్గర, కళ్లు రోడ్డు మీద. ఉంటానండీ, నమస్కారం.